అమ్మడికి, ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి పెద్దమ్మ

చి. సౌ. అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. వీసా వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసినప్పటి నుంచి నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. మీరు వస్తున్నారన్న సంతోషం ఒకటి, చెప్పాల్సినవాటిలో ఏం మర్చిపోతానో అన్న టెన్షన్ ఒకటి. ఫోన్లో చెబితే సగం నీకు గుర్తుండదు, సగం నాకు గుర్తుకు రాదు. అందుకే కాగితం పెట్టుకుని కూర్చున్నాను. అల్లుడి గారికి కూడా చదివి వినిపించు.

"విశాఖలో పుట్టి పెరిగినదాన్ని, సముద్రం పక్కన ఉండటం నాకేం కొత్త పెద్దమ్మా" అన్నావు మొన్న. పద్దెనిమిదేళ్ళ కిందట నేనూ ఇదే మాటన్నాను. నిజమే, పెర్త్‌లో దిగగానే పరాయి చోటనిపించదు. బళ్ళు మనలాగే ఎడమవైపు నడుస్తాయి. ఎండ మన ఎండలాగే ఉంటుంది. బంగాళాఖాతం వెళ్ళి కలిసేదీ ఈ హిందూ మహాసముద్రంలోనే. మనకి పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది, ఇక్కడ సముద్రంలోకి గుంకుతుంది. నా భయమంతా ఈ పోలికల గురించే. ఇక్కడ నేను దెబ్బతిన్న ప్రతిసారీ నాకు తెలుసనుకున్న విషయంలోనే తిన్నాను.

ముందు సముద్రం సంగతి చెబుతాను. మేం వచ్చిన మొదటి డిసెంబరులో బీచ్‌కి వెళ్ళాం. ఒకచోట ఎరుపు, పసుపు జెండాలు పాతి ఉన్నాయి. అక్కడ అలలు పెద్దవి, జనం కూడా ఎక్కువ. కాస్త అవతల ఒక పాయ మాత్రం నున్నగా, అలలు లేకుండా, కొంచెం నల్లగా కనిపించింది. మనిషన్నవాడు లేడు. పిల్లాడితో దిగడానికి ఇదే మంచి చోటనుకున్నాం. మీ పెదనాన్న అన్నయ్యని చెయ్యి పట్టుకుని మోకాలి లోతు దాకా తీసుకెళ్ళారు. నేను చెప్పులు విప్పేలోపే ఇద్దరూ దూరమైపోయారు. మీ పెదనాన్న చిన్నప్పటి నుంచి భీమిలిలో ఈదిన మనిషి. ఒడ్డు వైపు ఎంత బలంగా ఈదినా వెనక్కే పోతున్నారు. నేను ఒడ్డున నిలబడి తెలుగులో అరుస్తున్నాను. అలల మీద ఆడుకుంటున్న ఒక కుర్రాడు తన బోర్డు మీద వాళ్ళిద్దరినీ లాక్కొచ్చాడు. ఆ అబ్బాయికి థాంక్స్ చెప్పడానికి కూడా నాకు నోరు రాలేదు.

ఆ నున్నటి పాయనే ఇక్కడ రిప్ అంటారు. అలలు ఒడ్డుకి తెచ్చిపడేసిన నీళ్ళు తిరిగి లోపలికి పోయే దారి అది. అక్కడ లోతెక్కువ కాబట్టి అలలు విరగవు, అందుకే మన కంటికి ప్రశాంతంగా కనిపిస్తుంది. జెండాల మధ్యనే దిగండి. జెండాలు లేని రోజు ఇసుకలో కూర్చుని సాయంత్రం చూసి వచ్చేయండి. ఒకవేళ చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదొద్దు, ఒంట్లో శక్తంతా అయిపోతుంది. వెల్లకిలా తేలి ఒక చెయ్యి పైకెత్తాలి. రిప్ మనిషిని దూరం తీసుకుపోతుందే కానీ కిందికి లాగదు. దాని జోరు తగ్గాక ఒడ్డుకి సమాంతరంగా, అలలు విరుగుతున్న వైపు ఈదాలి. ఈ నాలుగు ముక్కలు బుజ్జిగాడికి కూడా కథలా చెప్పి పెట్టు. ఇక్కడ బడి సెలవుల్లో పిల్లలకి వాక్‌స్విమ్ అని ప్రభుత్వమే ఈత నేర్పిస్తుంది. మొదటి సెలవుల్లోనే చేర్పించు. పెద్దవాళ్ళకీ క్లాసులుంటాయి. నేను నలభై రెండో ఏట నేర్చుకున్నాను, నువ్వు సిగ్గుపడకు.

ఎండ కూడా అంతే. మన ఎండ ఒళ్ళు మండిస్తుంది కాబట్టి మనమే నీడకి పోతాం. ఇక్కడ చల్లగాలి వీస్తూనే ఒళ్ళు కాలిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు నైరుతి నుంచి సముద్రపు గాలి వస్తుంది, దాన్ని ఫ్రీమాంటిల్ డాక్టర్ అంటారు. పేరుకి తగ్గట్టే ప్రాణం లేచొస్తుంది. కానీ ఆ హాయిలో యూవీ, అంటే ఒళ్ళు కాల్చే అతినీలలోహిత కిరణాల సంగతి మర్చిపోతాం. ఫోన్లో వాతావరణం చూసేటప్పుడు వేడి ఎంతో చూసి ఊరుకోకు, యూవీ ఎంతో కూడా చూడు. మూడు, ఆపైన ఉంటే టోపీ, సన్‌స్క్రీన్ తప్పవు. జనవరిలో అది పదకొండు కూడా దాటుతుంది. మనది చామనచాయ, మనకేం కాదు అనే మాట ఇక్కడ చాలామంది మనవాళ్ళ నోట వింటావు. నమ్మకు. బళ్ళో కూడా టోపీ లేని పిల్లాడిని ఆటకి పంపరు.

ఇక ఇల్లు. అద్దె నెలకి చెప్పరు, వారానికి చెబుతారు. మొదటిసారి విన్నప్పుడు చవకే అనుకున్నాను, తర్వాత తెలిసింది. చేరేటప్పుడు మామూలుగా రెండు వారాల అద్దె ముందుగా, నాలుగు వారాలది బాండ్‌గా, అంటే డిపాజిట్‌గా కట్టాలి. ఇల్లు చూపించే సమయాన్ని ఇక్కడ హోమ్ ఓపెన్ అంటారు. పదిహేను నిమిషాలు తలుపు తీస్తారు, ఇరవైమంది వస్తారు. అల్లుడి గారి ఉద్యోగం లెటరు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, మీరు అక్కడ అద్దెకున్న ఇంటి ఓనరు ఇంగ్లిష్‌లో రాసిచ్చిన నాలుగు వాక్యాలు, అన్నీ ఫోన్లో సిద్ధంగా ఉంచుకో. నచ్చితే ఆ రోజే అప్లై చెయ్యాలి.

తాళాలు ఇచ్చాక ఇంటి పరిస్థితి ఎలా ఉందో రాసిన రిపోర్టు ఒకటి ఇస్తారు. ఏడు రోజుల్లో నీ వైపు నుంచి రాసి తిరిగివ్వాలి. బద్ధకించకు. గోడ మీద గీత, కార్పెట్ మీద మరక, విరిగిన గొళ్ళెం, అన్నిటికీ ఫోటోలు తియ్యి. మా మొదటి ఇంట్లో ముందే ఉన్న గీతలకి బాండ్‌లోంచి డబ్బు పోయింది, చూపించడానికి మా దగ్గర ఒక్క ఫోటో లేదు. ఏడాదిలో నాలుగుసార్ల దాకా ఏజెంటు వచ్చి ఇల్లు చూసుకుని వెళ్తాడు. అది మన మీద అనుమానం అనుకోకు, అందరికీ అంతే. వంటగది రాతి మీద పసుపు మరక పడితే వెంటనే తుడిచెయ్యి. పోపు వేసేటప్పుడు పైన ఫ్యాన్ వెయ్యి, లేకపోతే పొగ అలారం మోగి బుజ్జిగాడు జడుసుకుంటాడు.

ఏ పేట అని అడిగావు. మనవాళ్ళు కానింగ్ వేల్, హారిస్‌డేల్, పియారా వాటర్స్ వైపు ఎక్కువ. గుడి, మన సరుకుల కొట్లు ఆ పక్కనే. కానీ నీ విషయంలో నా సలహా వేరు. మొదటి ఏడాది రైలు స్టేషన్‌కి నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉండు. కారణం చెబుతాను, జాగ్రత్తగా విను.

అల్లుడి గారి ఉద్యోగం గనుల్లో. ఇక్కడ దాన్ని ఫైఫో అంటారు. విమానంలో ఉత్తరాన గనులుండే పిల్బరా ప్రాంతానికి వెళ్ళి, రెండు వారాలు అక్కడ క్యాంపులో ఉండి పనిచేసి, ఒక వారం ఇంటికి రావడం. కొందరికి ఎనిమిది రోజులు పని, ఆరు రోజులు సెలవు. జీతం బాగుంటుంది. ఆయన క్యాంపులో ఉన్న రోజులు ఇంట్లో నువ్వూ పిల్లాడే. విశాఖలో మీ వీధిలో పొద్దున్నే పాలవాడు, కూరలబండి, గుడి మైకు, పక్కింటావిడ పలకరింపు ఉంటాయి. ఇక్కడ మధ్యాహ్నం రెండింటికి వీధిలోకొచ్చి నిలబడితే ఒక మనిషి కనపడడు. కాకులు మాత్రం అరుస్తాయి. మొదటి ఆరు నెలలు నేను టీవీ పెట్టుకునే వంట చేసేదాన్ని, మాట వినపడాలని. ఎవరికీ చెప్పలేదు. ఇండియాలో మీ అమ్మమ్మ అడిగితే అంతా బాగుందనే అన్నాను. నువ్వు అలా చెయ్యకు. దిగులుగా ఉంటే ఉన్నట్టు నాకు చెప్పు, రాత్రి పదకొండైనా సరే.

అందుకే స్టేషన్ పక్కన అన్నాను. రైళ్ళకీ బస్సులకీ పనికొచ్చే స్మార్ట్‌రైడర్ కార్డు ఒకటి కొనుక్కుంటే నీ అంతట నువ్వు పిల్లాడితో ఊరంతా తిరగొచ్చు. లైబ్రరీలో సభ్యత్వానికి డబ్బు కట్టనక్కర్లేదు, చిన్నపిల్లలకి కథలు చెప్పే గంట ఉంటుంది, వచ్చిన వారమే వెళ్ళు. నాకు ఇక్కడ మొదట పరిచయమైంది లైబ్రరీలో కలిసిన ఒక వియత్నాం ఆవిడ. ఇవాళ్టికీ నా స్నేహితురాలు. పార్టీకి పిలిచి "బ్రింగ్ ఎ ప్లేట్" అంటే ఖాళీ పళ్ళెం తెమ్మని కాదు, ఒక వంటకం చేసి తెమ్మని. పులిహోర తీసుకెళ్ళు, అందరూ తింటారు.

కారు కూడా నేర్చుకోవాలి, తప్పదు. లైసెన్సు రూల్స్ వీసాని బట్టి మారతాయి, వచ్చాక కూర్చుని చూద్దాం. పాత కారు కొంటే రెగో అని రిజిస్ట్రేషన్ కడతాం. మనిషికి దెబ్బ తగిలితే వచ్చే బీమా అందులోనే కలిసి ఉంటుంది, అవతలి బండికి జరిగిన నష్టం మాత్రం కలవదు. దానికి వేరే బీమా తీసుకోకుండా ఒక్క రోజు కూడా రోడ్డెక్కొద్దు. ఊరి చివర పొద్దుగుంకే వేళ కంగారూలు అడ్డొస్తాయి, మెల్లగా నడపాలి.

బడి చిరునామాని బట్టి వస్తుంది. ముందు బడి చూసుకుని, దాని పరిధిలో ఇల్లు వెతకాలి. జూన్ 30 నాటికి అయిదు నిండితే ఆ ఏడాది ప్రీ-ప్రైమరీ. బుజ్జిగాడికి మార్చిలోనే నిండుతుంది కాబట్టి ఫిబ్రవరిలో బడి తెరిచేసరికి చేర్పించెయ్యొచ్చు. టీకాల కాగితాలు చేతి సంచీలో పెట్టుకో. క్లాసులో వేరుశెనగ పడని పిల్లలుండొచ్చు, పల్లీ పొడి, పల్లీ చట్నీ డబ్బాలో పెట్టే ముందు టీచర్ని అడుగు.

డాక్టరు విషయం. ఇక్కడ నేరుగా స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళలేం. ముందు జీపీ, అంటే మామూలు డాక్టరు, ఆయన రాసిస్తేనే తర్వాతది. మీది తాత్కాలిక వీసా కాబట్టి మెడికేర్ అనే ప్రభుత్వ వైద్య పథకం ఉంటుందనుకోకండి, బీమా కాగితం దగ్గరుంచుకోండి. ప్రాణం మీదికొస్తే 000కి ఫోన్ చెయ్యండి. బ్యాంకు, టాక్స్ నంబరుకి వచ్చిన వారంలోనే అప్లై చెయ్యండి. జీతం కాకుండా కంపెనీ 12 శాతం సూపర్ అని, మన పీఎఫ్ లాంటిది, కట్టాలి, అది పడుతోందా లేదా మూడు నెలలకోసారి చూసుకోమని అల్లుడి గారికి చెప్పు. నీ ఉద్యోగానికి తొందరపడకు. ఇక్కడ ఇద్దరు రెఫరీలు కావాలంటారు, అంటే నీ గురించి ఫోన్లో మాట చెప్పేవాళ్ళు. ముందు ఎక్కడైనా వాలంటీరుగా చేస్తే వాళ్ళే రెఫరీలవుతారు.

మీరొచ్చేది మండుటెండల్లో. సంక్రాంతికి మామిడిపళ్ళు తింటాం ఇక్కడ, నీకు వింతగా ఉంటుంది. ఈ నేల అసలు మనుషులు నూంగార్లు. వాళ్ళకీ మనలాగే ఏడాదికి ఆరు ఋతువులు. ఇప్పుడు బిరాక్, ఫిబ్రవరి, మార్చి బునురు. జూన్, జులై మకురు, అంటే చలి, వాన. అప్పుడు బయటికన్నా ఇంట్లోనే ఎక్కువ చలేస్తుంది, ఈ ఇళ్ళు అలా కట్టారు. మంచి రగ్గులు ఇక్కడే కొందాం. ఆగస్టు, సెప్టెంబరు జిల్బా. సెప్టెంబరులో కింగ్స్ పార్క్‌లో అడవిపూలు విరగపూస్తాయి, అప్పటికి నీ మనసు కూడా కుదుటపడుతుంది. నాకు అలాగే జరిగింది.

సామాన్ల సంగతి. పాలకోవా తేవొద్దు. తినేది ఏదైనా విమానంలో ఇచ్చే కార్డులో ఉందని రాసి, అధికారికి చూపించండి. వాళ్ళు సరేనంటే మీరు ఉంచుకుంటారు, వద్దంటే వాళ్ళే తీసేస్తారు. దాచితే మాత్రం పెద్ద జరిమానా. మందులు మూడు నెలలకి సరిపడా, డాక్టరు చీటీతో సహా తెచ్చుకోండి. కరివేపాకు, విత్తనాలు వద్దే వద్దు. నా పెరట్లో కరివేపాకు చెట్టు నా ఎత్తు దాటింది, దాని పిలక ఒకటి కుండీలో నీకోసం పెట్టాను. గోంగూర విత్తనాలూ ఉన్నాయి. ఇక్కడిది ఇసుక నేల, నీళ్ళు పోసినా ఇంకకుండా పక్కకి జారిపోతాయి. ఎరువు బాగా కలపాలి, అది దగ్గరుండి నేను చేయిస్తాను.

బుజ్జిగాడికి కారు సీటు అక్కడ కొనకు, ఇక్కడి ప్రమాణం ఉన్నదే చెల్లుతుంది. ఏడేళ్ళు నిండేదాకా పిల్లల సీటు తప్పదు, ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం కుదరదు. నేను కొని కార్లో బిగించే ఉంచాను. మన ఊరికన్నా ఇక్కడ రెండున్నర గంటలు ముందు. సింగపూర్‌లో విమానం ఎక్కే ముందు ఒక మెసేజ్ పెట్టు. అర్ధరాత్రి దిగినా పెదనాన్నా నేనూ బయటే ఉంటాం. చారు, బంగాళాదుంప వేపుడు చేసి పెడతాను, స్నానం చేసి తిని పడుకుందురు గాని.

మీ పెద్దమ్మ