శనాదివారాలు ఊళ్లు తిరిగే మేనకోడలికి

వేదాయపాళెం,
నెల్లూరు.

అమ్మడూ,

మీ నాన్న నిన్న ఫోన్ చేసి గంటసేపు నీ మీద చాడీలు చెప్పాడు. "చదువుకోమని జర్మనీలో డ్రెస్డెన్ పంపిస్తే శని ఆదివారాలు ఊళ్లు పట్టుకుని తిరుగుతోంది, నువ్వైనా బుద్ధి చెప్పు" అని. బుద్ధి చెప్పడానికి నన్ను ఎంచుకున్నాడు చూడు! ఆ దేశంలో చదివిన రోజుల్లో వీకెండ్ వస్తే నా కాలు హాస్టల్లో నిలిచేది కాదని అన్నయ్యకు ఎవరూ చెప్పలేదు పాపం. కాబట్టి తిరగొద్దని నేను చెప్పను. ఎలా తిరగాలో చెప్తా, విను.

ముందు తిరుగు ప్రయాణం చూసుకో, ఆ తర్వాతే పోయే ప్రయాణం. పిల్లలంతా దీన్ని తలకిందులుగా చేస్తారు. శుక్రవారం సాయంత్రం ఏ రైలు పట్టుకోవాలో తెగ వెతుకుతారు, ఆదివారం రాత్రి సంగతి అప్పుడు చూద్దాంలే అంటారు. చిన్న ఊళ్ల నుంచి ఆఖరి రైలు మనం అనుకునేదానికంటే పెందలాడే వెళ్లిపోతుంది. జర్మనీ రైళ్లు నిమిషం తప్పకుండా నడుస్తాయని మన ఊళ్లో ఇంకా చెప్పుకుంటారు గానీ, ఆ ముచ్చట ఎప్పుడో తీరిపోయింది, నీకూ తెలిసే ఉంటుంది. ఒక బండి పది నిమిషాలు లేటైతే మారాల్సిన బండి తప్పిపోతుంది. అందుకే ఆఖరి రైలును లెక్కలోకి తీసుకోవద్దు. దానికి ముందు రైలే నీ ఆఖరి రైలు అనుకో. సోమవారం పొద్దున క్లాసు పెట్టుకుని అర్ధరాత్రి ఏదో జంక్షన్లో బల్ల మీద చలికి ముడుచుకుని కూర్చోవడం ఎందుకు?

టికెట్ విషయంలో మీరు అదృష్టవంతులు. 1995లో మాకు వీకెండ్ టికెట్ అని ఒకటి పెట్టారు. పదిహేను మార్కులు (అప్పటి జర్మనీ డబ్బు) పెడితే ఐదుగురు కలిసి శని, ఆదివారాలు రెండు రోజులూ దేశమంతా ప్యాసింజర్ బళ్లలో తిరగొచ్చు. ఆ ధర ఎక్కువ కాలం నిలవలేదు, 2019లో టికెట్‌నే ఎత్తేశారు. మీకిప్పుడు డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది, దేశమంతా లోకల్ బళ్లలో తిరిగే నెలవారీ పాసు. 2023 మేలో నెలకు 49 యూరోలతో మొదలై, 2025లో 58, 2026 జనవరి నుంచి 63 అయింది. నీకది సెమిస్టర్ ఫీజులోనే కలిసి వచ్చిందన్నావుగా, అంటే డబ్బు కట్టేసినట్టే. వాడకపోతేనే దండగ. ఆర్‌ఈ, ఆర్‌బీ, ఎస్-బాన్ అని రాసి ఉండే లోకల్ బళ్లు ఏవైనా ఎక్కు. ఐసీఈ, ఐసీ, ఈసీ అనే దూరప్రయాణపు ఎక్స్‌ప్రెస్‌లు మాత్రం ఎక్కొద్దు, వాటిల్లో అది చెల్లదు. టికెట్ ఫోన్లో ఉంటుంది కాబట్టి చార్జింగ్ అయిపోతే టికెట్ లేనట్టే. పవర్‌బ్యాంక్ లేకుండా గడప దాటొద్దు.

ఇక ఎక్కడికి? దగ్గరకే పో. మీ నాన్నకు ఫోటోలు పంపాలని ప్యారిస్, ఆమ్‌స్టర్‌డామ్, బ్రస్సెల్స్ మూడూ ఒక్క వీకెండ్‌లో చుట్టేసే బ్యాచ్‌లు ఉంటాయి. రెండు రాత్రులు బస్సులో, రెండు పగళ్లు క్యూలో. దాన్ని ప్రయాణమని నేను అనను. చౌక విమానాల సంగతీ అంతే. ఫ్రాంక్‌ఫర్ట్-హాన్ అని పేరు పెట్టిన విమానాశ్రయం ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వంద కిలోమీటర్ల పైనే ఉంటుంది, ఒంగోలుకు టికెట్ కొంటే నెల్లూరులో దింపినట్టు. అక్కణ్ణుంచి ఊళ్లోకి వచ్చే బస్సు చార్జీ, టైమూ కలిపి చూసుకుంటే ఆ చౌక ఎక్కడికి పోయిందో అర్థమవుతుంది.

నీకు గంట దూరంలోనే బాస్టై అనే ఇసుకరాతి కొండ ఉంది. ఎస్-1 లోకల్ రైలు ఎక్కి రాతెన్ అనే చిన్న స్టేషన్లో దిగు. ఎదురుగా ఎల్బే నది. అవతలి ఒడ్డుకు పడవలో దాటాలి. ఆ పడవను దాటించడానికి ఇంజను అక్కర్లేదు. నదిలో ఎగువన లంగరేసిన పొడవాటి తీగకు దాన్ని కట్టి ఉంచుతారు. నడిపేవాడు పడవను కాస్త ఏటవాలుగా తిప్పితే చాలు, నీటి ఉరవడే దాన్ని అవతలికి నెట్టుకుపోతుంది. చప్పుడు ఉండదు. పైకి ఎక్కాక ఫోటోలు అందరూ తీస్తారు, నువ్వు మాత్రం ఆ పడవలో తీగ దగ్గర నిలబడి చూడు. తర్వాత మెట్లు. ఉదయగిరి దుర్గం ఎక్కినదానివి, నీకది లెక్కేం కాదు. పైన ఇసుకరాతి స్తంభాల మధ్య 1851లో కట్టిన రాతి వంతెన ఉంది, ఎల్బేకు 194 మీటర్ల ఎత్తున నిలబడి చూస్తావు. పొద్దున ఎనిమిదికే అక్కడుంటే జనం పలచగా ఉంటారు. పది దాటితే మన తిరణాలే.

దేశం దాటాలని మరీ మనసైతే గోర్లిట్స్‌కి పో. అదీ నీ టికెట్ మీదే. ఊళ్లోంచి నైసె నది మీద కాలినడక వంతెన దాటితే పోలెండ్. మధ్యాహ్నం అక్కడ తిని, సాయంత్రానికి నడిచి వెనక్కి రావచ్చు. అక్కడ యూరో కాదు, జ్లోటీ. చెక్ దేశం వైపు పోతే కొరునా.

ఇక్కడ కాగితాల సంగతి. దేశం దాటేటప్పుడు ఒరిజినల్ పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ బ్యాగులో ఉండాలి, ఫోన్లో ఫోటో చాలదు. షెంగెన్ (సరిహద్దు తనిఖీలు తీసేసుకున్న యూరప్ దేశాల కూటమి) అంటే సరిహద్దులో ఎవరూ అడగరనుకుంటారు. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ తన నేల సరిహద్దులన్నిటి మీదా తనిఖీలు పెట్టింది, బస్సుల్లోకి పోలీసులు ఎక్కుతారు. ఆ కార్డుతో మిగతా షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల దాకా ఉండొచ్చు. లండన్‌కు, డబ్లిన్‌కు అది పనికిరాదు, వేరే వీసా కావాలి. కార్డు చేతికి రాక తాత్కాలిక కాగితం మీదే ఉన్న నీ ఫ్రెండ్ ఉందే, ఆ అమ్మాయిని ముందు ఫారినర్స్ ఆఫీసులో అడిగి తెలుసుకున్నాకే సరిహద్దు దాటమను.

ఇప్పుడు నీళ్ల గురించి. దీన్ని నవ్వులాటగా తీసుకోవద్దు. పరాయి దేశంలో చెరువులోనో జలపాతంలోనో మన తెలుగు పిల్లలు పోయారన్న వార్త మళ్లీ మళ్లీ చదవాల్సి వస్తోంది. మైపాడులో మోకాలి లోతున అలలకు ఎదురు నిలబడటం ఈత కాదు. అక్కడి చెరువులు ఎండాకాలం పైపైన వెచ్చగా ఉంటాయి, నిలువు లోతుకు పోయేసరికి నీళ్లు వణికిస్తాయి. ఆ చలి ఒక్కసారిగా ఒంటికి తగిలితే మన ప్రమేయం లేకుండానే ఊపిరి లోపలికి లాగేస్తాం, అప్పుడు తల నీళ్లలో ఉంటే అంతే సంగతులు. ఈత బాగా వచ్చినవాళ్లకూ కాళ్లూ చేతులూ ఆడవు. కంకర తవ్వగా మిగిలిన గుంతల్లో నీళ్లు నిండి ఏర్పడ్డ చెరువులు ఇంకా ప్రమాదం, ఒడ్డు నుంచి రెండడుగులు వేస్తే చాలు, అడుగు అందదు. లైఫ్‌గార్డ్ ఉన్న చోట తప్ప దిగొద్దు. ఎల్బేలో అసలే వద్దు. పక్కవాళ్లు దిగి "రావే, ఏం కాదు" అంటే పిరికిదాననే అనిపించుకో. ఏదైనా జరిగితే 112, యూరప్ అంతా అదే నంబరు.

తిండికి పెద్ద చెప్పేదేం లేదు. ఆదివారం స్టేషన్లలో తప్ప దుకాణాలు మూసేస్తారు కాబట్టి పులిహోర కట్టుకుపో. కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు, సీసా తీసుకెళ్తే చాలు. గోంగూర డబ్బా మాత్రం రైల్లో మూత తీయకు తల్లీ, పెట్టె మొత్తం నీ వైపే చూస్తుంది.

డబ్బు విషయం. బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచిన ఖాతా) నుంచి నెలకు వచ్చే 992 యూరోల్లో అద్దె, ఇన్సూరెన్స్ పోను మిగిలేది తిండికే. తిరుగుడు ఖర్చు నీ పార్ట్‌టైమ్ డబ్బుల్లోంచి రావాలి, అది రాని నెలలో ఎస్-1 పోయే ఊళ్లే చూడు, మైసెన్ ఉంది, పిర్నా ఉంది. ప్రతి యూరోనూ నూటితో గుణించుకుంటూ కాఫీ కూడా తాగకుండా తిరగమని కాదులే.

నాన్నకు టెన్షన్ తగ్గాలంటే ఒక పని చెయ్యి. నువ్వు రాత్రి తొమ్మిదికి గదికి చేరి మెసేజ్ పెడితే ఇక్కడ పన్నెండున్నర, చలికాలమైతే ఒకటిన్నర. ఆయన అప్పటిదాకా నిద్రపోడు, వదినను పోనివ్వడు. వెనక్కి బండి ఎక్కగానే "ఫలానా రైలు, ఇన్ని గంటలకు దిగుతా" అని పెట్టు, పడుకుంటాడు.

డిసెంబరులో అక్కడ నాలుగింటికే చీకటి పడుతుంది, కొండదారులు ఆ నెలలో వద్దు. ఫిబ్రవరి పరీక్షలయ్యేదాకా పొద్దున పోయి రాత్రికి వచ్చే ఊళ్లే, బస చేసేవి ఏవీ పెట్టుకోకు. మీ నాన్నకు ఆ మాట ఇచ్చి నిన్ను వెనకేసుకొచ్చాను.

మీ అత్త