టెక్ సందేహాలు: ప్రాసెసర్ మారింది, వేగం మారలేదు!

ప్రశ్న: అనంతపురంలో మాకు పెళ్లి వీడియోల స్టూడియో ఉంది. బి450 మదర్‌బోర్డు మీద ఇన్నాళ్లూ రైజెన్ 3 1200 వాడాను. ఈమధ్యే బయాస్ (ఆన్ చేయగానే మొదట నడిచే బోర్డులోని ప్రోగ్రామ్) అప్‌డేట్ చేయించి, అదే బోర్డు మీద రైజెన్ 7 5700ఎక్స్ వేయించాను. కూలర్ పాతదే. ర్యామ్ 3200 వేగానిది, 8 జీబీవి రెండు. కొంచెం తేడా తెలుస్తోంది గానీ పెట్టిన డబ్బుకు తగ్గట్టు లేదు. మధ్యాహ్నం పూట ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ చేసిన వీడియోను ఫైలుగా తీయడం) పెడితే మరీ నత్తనడక. షాపులో అడిగితే ‘విండోస్ మళ్లీ ఎక్కిస్తే సరిపోతుందన్నా’ అంటున్నారు. ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా తీసిన టాస్క్ మేనేజర్ ఫొటోలు పంపుతున్నా. ప్రాసెసర్‌లోనే లోపం ఉందంటారా?

జవాబు: ప్రాసెసర్‌ను అనుమానించకండి. చెడిపోయిన ప్రాసెసర్ అయితే కంప్యూటర్ ఆన్ కాదు, లేదా పని మధ్యలో రీస్టార్ట్ అవుతుంది. నెమ్మదిగా పనిచేస్తూ కాలక్షేపం చేసే రకం చాలా అరుదు. ఇక విండోస్ మళ్లీ ఎక్కించడమంటారా, అది మన రిపేర్ షాపుల జిందా తిలిస్మాత్. ఏ జబ్బుకైనా అదే రాసిస్తారు. మీకు దాని అవసరం లేదు. అసలు సంగతి మీ ఫొటోల్లోనే ఉంది.

మెమరీ పేజీలో స్పీడ్ అన్నచోట 2400 అని ఉంది, చూశారా? మీరు కొన్నది 3200 ర్యామ్. బయాస్ అప్‌డేట్ చేస్తే అందులో అంతకుముందు పెట్టుకున్న సెట్టింగులన్నీ పోయి మొదటికొస్తాయి. అప్పుడు ర్యామ్ తన మామూలు వేగానికి పడిపోతుంది. డబ్బా మీద రాసిన 3200 రావాలంటే బయాస్‌లోకి వెళ్లి ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయాలి. కొన్ని బోర్డుల్లో ఇదే డీఓసీపీ అనో, ఏ-ఎక్స్ఎంపీ అనో కనిపిస్తుంది. రైజెన్‌లకు ఇది చిన్న విషయం కాదు. ప్రాసెసర్ కోర్లకూ (లోపల లెక్కలు చేసే భాగాలకూ) మెమరీకీ మధ్య ఉండే దారి కూడా ర్యామ్ వేగాన్ని బట్టే నడుస్తుంది. ర్యామ్ 3200లో ఉంటే అది 1600 మెగాహెర్ట్జ్‌లో, 2400లో ఉంటే 1200లో తిరుగుతుంది.

ఒకసారి కేబినెట్ తెరిచి ర్యామ్‌లు ఏ స్లాట్లలో ఉన్నాయో కూడా చూడండి. నాలుగు స్లాట్ల బోర్డయితే దాదాపు అన్నింట్లోనూ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి. మొదటి రెండింట్లోనో, చివరి రెండింట్లోనో గుచ్చితే రెండూ ఒకే చానల్‌లో పడి, మెమరీ నుంచి డేటా వచ్చే దారి సగమవుతుంది.

అయితే మీ అసలు తలనొప్పి కూలర్. రెండో ఫొటోలో వాడకం 100 శాతం, వేగం మాత్రం 3.2 గిగాహెర్ట్జ్ ఉంది. 5700ఎక్స్ బేస్ స్పీడే (మామూలుగా ఉండాల్సిన కనీస వేగం) 3.4, బూస్ట్ (అవసరానికి పెంచుకునే వేగం) 4.6 దాకా వెళ్తుంది. ఎనిమిది కోర్లూ పనిచేస్తున్నప్పుడు 4.6 రాదు, అది ఆశించకూడదు. కానీ బేస్ కంటే కిందికి దిగిందంటే వేడికో, కరెంటు సరిగ్గా అందకో తగ్గిందనే అర్థం. మధ్యాహ్నం మరీ మందగిస్తోందని మీరే రాశారు కదా, నా ఓటు వేడికే.

5700ఎక్స్ డబ్బాలో కూలర్ రాదు. మీ షాపువాళ్లు రైజెన్ 3తో వచ్చిన చిన్న కూలర్‌నే మళ్లీ బిగించారు. ప్రాసెసర్లు రెండూ 65 వాట్లవే కదా అనిపించొచ్చు. కానీ ఆ అంకె చూసి మోసపోవద్దు. గట్టి పని పడితే కొత్తది అంతకంటే ఎక్కువే తాగుతుంది. ఆ వేడంతా వేలిగోరంత చిప్ మీది నుంచే బయటికి రావాలి. ఫ్యాన్ ఎంత గిరగిరా తిరిగినా ప్రాసెసర్‌ను గది ఉష్ణోగ్రత కంటే కిందికి తేలేదు. మే నెలలో మన దగ్గర 40 దాటడం వింతేం కాదు. ఏసీ లేని గదిలో, టేబుల్ అరలో ఇరికించిన కేబినెట్ అయితే లోపల ఇంకా ఎక్కువ. ఈ ప్రాసెసర్ పరిమితి 90 డిగ్రీలు. అక్కడికి చేరగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది.

ఖాయం చేసుకోవాలంటే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ పెట్టుకుని, పది నిమిషాల ఎక్స్‌పోర్ట్ నడుపుతూ సీపీయూ టెంపరేచర్ చూడండి. 90 దగ్గర అతుక్కుపోయి ఉంటే ఇంకో పరీక్ష అక్కర్లేదు. నిలువుగా ఉండే టవర్ కూలర్, 120 ఎంఎం ఫ్యాన్‌ది, సుమారు రెండు వేల రూపాయల్లో దొరుకుతుంది. మీ కేబినెట్‌లో ఆ ఎత్తు పడుతుందో లేదో కొలిచి మరీ కొనండి.

పాత కూలర్ విప్పేటప్పుడు జాగ్రత్త. మీదానిలాంటి ఏఎం4 సాకెట్ ప్రాసెసర్లకు పిన్నులు చిప్‌కే ఉంటాయి. కూలర్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య వేడిని దాటించే పేస్ట్ గట్టిపడి ఉంటే, కూలర్ లాగగానే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి దాంతోపాటే వచ్చేస్తుంది. పిన్ను వంగితే ఆ ఖర్చు వేరే. కంప్యూటర్‌ను కాసేపు నడిపి, ఆపేసి, వేడి మీదే కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ వదులు చేయండి. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడిచి, కొత్తది బఠాణీ గింజంత పెడితే చాలు. స్క్రూలను ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. కొత్త కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర అంటించి ఉంటే తీయడం మర్చిపోవద్దు. నవ్వకండి, అది తీయకుండానే బిగించేసేవాళ్లు చాలామంది!

ఇవన్నీ అయ్యాక కూడా ఎక్స్‌పోర్ట్ టైమ్ పెద్దగా తగ్గకపోతే సాఫ్ట్‌వేర్‌లో హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఆన్‌లో ఉంటే వీడియోను కట్టే పని చాలావరకు గ్రాఫిక్స్ కార్డుదే. అప్పుడు ప్రాసెసర్ వాడకం 100 శాతం దాకా వెళ్లకపోవచ్చు, ఎంత మంచిది వేసినా తేడా తక్కువే. ఫుటేజీ పాత హార్డ్ డిస్క్‌లో ఉండి, టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తుంటే దాన్ని ఎస్ఎస్‌డీలోకి మార్చండి.

ప్రశ్న: మాది కర్నూలు. హెచ్510 బోర్డులో ఐ3 10100 తీసి ఐ5 11400 వేశాను. టాస్క్ మేనేజర్‌లో మాత్రం ఇప్పటికీ కోర్లు 4, లాజికల్ ప్రాసెసర్లు 8 అనే చూపిస్తోంది. పేరు కొత్తదే వస్తోంది. నకిలీదా?

జవాబు: నకిలీ కాదు. మీ ప్రాసెసర్‌కు 6 కోర్లు, 12 లాజికల్ ప్రాసెసర్లు ఉండాలి. వాటిని విండోస్ వాడుకోకుండా మీరో, మీ ఇంట్లో ఇంకెవరో ఎప్పుడో అడ్డం పెట్టి ఉంటారు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ఎంఎస్‌కాన్ఫిగ్ అని టైప్ చేయండి. బూట్ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిస్తే ‘నంబర్ ఆఫ్ ప్రాసెసర్స్’ పక్కన టిక్ ఉండి, 8 అని కనిపిస్తుంది. ఆ టిక్ తీసేసి రీస్టార్ట్ చేయండి. ‘పీసీ స్పీడ్ రెట్టింపు చేసే రహస్యం’ అంటూ యూట్యూబ్‌లో తిరిగే వీడియోల పుణ్యమే ఇదంతా. విండోస్ ఎలాగూ ఉన్న కోర్లన్నీ వాడుకుంటుంది. ఆ ఆప్షన్‌తో వాటిని తగ్గించగలమే గానీ పెంచలేం. అక్కడ టిక్ లేకపోతే బయాస్‌లో యాక్టివ్ కోర్స్ ఆప్షన్ ‘ఆల్’ మీద ఉందో లేదో చూడండి.

ప్రశ్న: కడప నుంచి రాస్తున్నా. రైజెన్ ప్రాసెసర్ మార్చి ఆన్ చేయగానే నల్ల స్క్రీన్ మీద ‘న్యూ సీపీయూ ఇన్‌స్టాల్డ్’ అని ఏదో ఎఫ్‌టీపీఎం మెసేజ్ వచ్చి, వై నొక్కాలా ఎన్ నొక్కాలా అని అడుగుతోంది. డేటా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఎఫ్‌టీపీఎం అంటే ప్రాసెసర్‌లో తాళంచెవుల్లాంటి రహస్య కీలను దాచే భాగం; వై నొక్కితే అందులోని పాతవి చెరిగిపోతాయి. మీ డ్రైవ్‌కు బిట్‌లాకర్ (డేటాకు విండోస్ వేసే తాళం) లేకపోతే నిశ్చింతగా వై నొక్కండి. విండోస్ పిన్ మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు, అంతే. బిట్‌లాకర్ ఉందో లేదో గుర్తులేకపోతే కంప్యూటర్‌ను అలాగే ఆపేసి, ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి రికవరీ కీ ఉందేమో వెతకండి. అది 48 అంకెలుంటుంది. దొరికితే కాగితం మీద రాసుకుని, అప్పుడు వై నొక్కండి. దొరక్కపోతే వై జోలికి పోవద్దు. పాత ప్రాసెసర్‌నే తిరిగి పెట్టి విండోస్‌లోకి వెళ్లి, బిట్‌లాకర్ ఆపేశాకే కొత్తది బిగించండి. పాతది అప్పుడే అమ్మేయలేదు కదా?