చీనీ తోటలో తిండికీ వసతికీ పని

ప్రశ్న: వీపున సంచి వేసుకుని ఊళ్లు తిరుగుతున్నాను. అనంతపురం జిల్లాలో ఊరికి దూరంగా ఉన్న చీనీ (బత్తాయి) తోటలో నెల రోజులు తిండికీ వసతికీ పని చేయాలనుంది. ఏం మాట్లాడుకోవాలి? ఏ పని ఇస్తారు?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ముందు పని గంటలు తేల్చుకోండి. రోజుకు నాలుగైదు గంటలు, వారానికి ఐదు రోజులు న్యాయమైన లెక్క. అంతకు మించితే కూలి అడగండి, మొహమాటం వద్దు.

కొత్తవాళ్లకు అప్పగించదగ్గ పని డ్రిప్పు పైపుల శుభ్రత. బోరు నీళ్లలోని ఉప్పులు పేరుకుని చెట్ల మొదళ్లలో నీటి చుక్కలు వదిలే డ్రిప్పర్ల రంధ్రాలు తెల్లగా పూడుకుపోతాయి. వరుసలో ఒక్క చెట్టే వాడిందంటే ముందు అక్కడే చూడండి. మోటారు నడుస్తుండగా చెట్ల వరుసల వెంట పరిచిన సన్న పైపుల (లేటరల్స్) చివరి మూతలు కొన్ని కొన్నిగా తీసి, నీళ్లు తేటగా వచ్చేదాకా వదిలి మూయాలి. అన్నీ ఒకేసారి తీస్తే ఒత్తిడి పడిపోయి మురికి కదలదు. పేరుకున్న ఉప్పులు కరగడానికి పైపుల్లోకి యాసిడ్ ఎక్కించడం రైతుకే వదిలేయండి. తడి చేతులతో స్టార్టరు ముట్టుకోవద్దు.

కొమ్మలకు ముళ్లుంటాయి కాబట్టి పొడుగు చేతుల చొక్కా, బూట్లు తప్పనిసరి. రాత్రి టార్చి లేకుండా గట్ల మీద నడవద్దు, పాములు తిరుగుతాయి. తాగడానికి మాత్రం శుద్ధి ప్లాంటు క్యాన్ నీళ్లే అడగండి. ఈ జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, కాచినా అది పోదు.