ఏనుగు వెళ్ళిపోయిన మర్నాడు

ప్రియమైన తమ్ముడికి,

ఆశీస్సులు. నీ కథ రెండుసార్లు చదివాను. 1551 శీతకాలం, ఆల్ప్స్ కొండల మధ్య బ్రిక్సెన్ ఊరు, మంచులో నడిచి వస్తున్న ఏనుగు. ఎంత మంచి వస్తువు దొరికింది నీకు! ఆసియా నుంచి ఓడెక్కి పోర్చుగల్ చేరిన జంతువు అది. ఆస్ట్రియా రాజవంశపు ఆర్చ్‌డ్యూక్ మాక్సిమిలియన్ దాన్ని వియన్నాకు తోలుకుపోతున్నాడు. పేరు సులేమాన్; అంతకు ఇరవై రెండేళ్ళ ముందు అదే వియన్నాను ముట్టడించిన టర్కీ సుల్తాను పేరు. డిసెంబరు 13న బ్రిక్సెన్‌కు దక్షిణాన ట్రెంట్‌లో, జనవరి 6న ఉత్తరాన ఇన్స్‌బ్రుక్‌లో ఉంది. ఈ మధ్యలోనే బ్రిక్సెన్‌లో ఆండ్రె పోష్ అనే ఆయన ఇంటి పశువులశాలలో విడిది చేసింది.

ఏనుగు ఊరు దాటగానే నువ్వు కథ ముగించావు. పోష్ మాత్రం అక్కడే ఉన్నాడు కదా! తన ఇంటికి ఆ ఏనుగు పేరే పెట్టుకున్నాడు, గోడ మీద బొమ్మ గీయించాడు. ఈనాటికీ ఆ ఇల్లు అదే పేరుతో హోటల్‌గా నడుస్తోంది. అంత ముందుచూపున్న మనిషి గురించి నువ్వు రాసింది ఒక్క వాక్యం: ‘అతను చాలా ధనవంతుడు.’ ఏం చేసి ధనవంతుడయ్యాడో రాయి. నీ కథలో నాకు కనిపించిన లోటు అదే.

ముందు ఒక మాట దిద్దుకో. ఆ ఇంటిని ‘సత్రం’ అన్నావు. సత్రం పుణ్యానికి కట్టించేది, అక్కడ కూటికి డబ్బు పుచ్చుకోరు. పోష్‌ది పూటకూళ్ళ ఇల్లు. మన భాషలో అంత చక్కటి మాట ఉండగా వేరేది ఎందుకు?

ఇక డబ్బు సంగతి. బ్రిక్సెన్‌కు ఉత్తరాన ఆల్ప్స్ దాటించే బ్రెన్నర్ కనుమ ఎత్తు దాదాపు 1370 మీటర్లు. ఇటలీకీ జర్మన్ నగరాలకూ మధ్య సరుకు ఆ దారినే కదిలేది. ఆ దారిలోని బోల్జానో ఊళ్ళో ఏడాదికి నాలుగు పెద్ద సంతలు. టిరోల్ అనే ఆ కొండసీమలో బండ్లు తోలే హక్కు దారిలోని ఊళ్ళవాళ్ళదే. వంతుల ప్రకారం ఒక మజిలీ నుంచి తర్వాతి మజిలీకి సరుకు చేరవేసేవాళ్ళు. అంటే ప్రతి మజిలీలోనూ మూటలు దిగాలి, మనుషులు తినాలి, గుర్రాలు మేయాలి. ఎగువకు లాగడానికి అదనపు గుర్రాలు కావాలి. గడ్డి ఎవరి కొట్టంలో ఉంటే కాసులు వాళ్ళవి. ఆ దారిలో బాగా బతికిన పూటకూళ్ళవాళ్ళకు పొలం, ద్రాక్షతోట, పశువులు కూడా ఉండేవి. బండివాళ్ళకు అరువు పెట్టేదీ, ఉత్తరాలు దాచి ఇచ్చేదీ వాళ్ళే; నాలుగు ఊళ్ళ కబుర్లు ముందుగా తెలిసేదీ వాళ్ళకే. నడిశీతకాలంలో ఏనుగుకు మేత పెట్టగలిగాడంటే పోష్ కొట్టంలో గడ్డి ఎంత ఉండాలో ఆలోచించు. అతని సంపద చూపించడానికి నీకు ఆ గడ్డివాము చాలు.

కుటుంబం దగ్గర నువ్వు బొత్తిగా తొందరపడ్డావు. ఇంటి ఇల్లాలు నీ కథలో ఒక్క మాటా మాట్లాడదు. టిరోల్‌లో ఆ రోజుల్లో ఆస్తి విషయంలో భార్యాభర్తల లెక్కలు వేరువేరు. ఆమె పుట్టింటి నుంచి తెచ్చిన సొమ్ము ఆమెదే. మన స్త్రీధనం అనుకో. భర్త పోతే వారసులు దాన్ని తిరిగి ఆమెకు అప్పజెప్పాలి. ఇల్లంతా పెద్దకొడుకు పేర ఉన్నా, అతని నెత్తిన తల్లి సొమ్ము అప్పుగా కూర్చుని ఉంటుంది. విధవరాలు తనే పూటకూళ్ళు నడిపించుకోవచ్చు. కోర్టు మెట్లెక్కితే మాత్రం తన తరపున ఒక మగమనిషిని నిలబెట్టుకోవాలి. పగలంతా పదిమంది పనివాళ్ళకు ఆజ్ఞలు వేసిన మనిషి అక్కడ నోరు మూసుకుని నిలబడాలి. ఈ ఒక్క ఘట్టం రాయగలిగితే నీ కథ నిలుస్తుంది.

ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయని అడుగుతావు. టిరోల్ న్యాయస్థానాల పుస్తకాల్లో పెళ్ళి ఒప్పందాలు, పంపకాలు, అప్పులు వరసగా రాసిపెట్టి ఉన్నాయి. యజమాని చనిపోతే గది గదికీ వెళ్ళి ఉన్న వస్తువులన్నీ జాబితా రాసేవాళ్ళు: ఈకల పరుపులు, దుప్పట్లు, తగరపు పళ్ళాలు, రాగి బిందెలు, ద్రాక్షసారా పీపాలు, రావలసిన బాకీలు. అలాంటి జాబితా నెమ్మదిగా చదువు. ఇన్ని దుప్పట్లుంటే ఉతికే మనిషి ఎవరు? చలికాలంలో ఏ నీళ్ళతో ఉతికింది? మంచులో ఎలా ఆరేసింది? పాత్ర అక్కడ పుడుతుంది.

మా అమ్మ కొన్నేళ్ళు భోజన హోటల్ నడిపింది. రాత్రి డబ్బు లెక్కపెట్టే ముందు గ్లాసులు లెక్కపెట్టేది. ఒకటి తగ్గితే ఆ రాత్రి లాంతరు పట్టుకుని పెరడంతా వెతికించేది. తడి చేతులతో ఆమె గ్లాసులు బోర్లించే చప్పుడు నాకిప్పటికీ గుర్తు. పోష్ ఇంట్లో కూడా ఎవరో ఒకరు తగరపు పళ్ళాలు అలా లెక్కపెట్టే ఉంటారని నా నమ్మకం. ఆ మనిషిని పట్టుకో.

ఒక జాగ్రత్త. ఏనుగు మన వైపు నుంచి వెళ్ళిందన్న మమకారంతో దానికి దిగులు, కన్నీళ్ళు అంటగట్టావు. నాకూ ఆ మమకారం ఉంది. కానీ ఆ పేజీలు తీసెయ్. అది 1553లో వియన్నాలో చచ్చిపోయింది, ఆ తర్వాత దాని ఎముకలతో కుర్చీ చేయించారు. ఆ ఒక్క సంగతి చెప్పి ఊరుకో, చాలు.

ఈసారి కథ ఏనుగు వెళ్ళిపోయిన మర్నాటి పొద్దున మొదలుపెట్టు. శాల తలుపు తీసే ఉంది. ఇల్లాలు లోపలికి వచ్చి, మిగిలిన గడ్డి చూసి, వసంతం దాకా గుర్రాలకు సరిపోతుందా అని లెక్క వేసుకుంటోంది. బయట మొగుడు ఖాళీ గోడకేసి చూస్తున్నాడు. రాసి సంక్రాంతిలోపు పంపించు, నేను ఎదురుచూస్తూ ఉంటాను.

మీ అక్కయ్య