బుజ్జీ, ఆ జంతువే ఎందుకని అడుగు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు ఆదివారాలు ఐదుగురిని ఇంట్లో కూర్చోబెట్టుకుని కాకీ పిల్లీ ఆట ఆడిస్తుందట, ఉద్యోగం గానీ మానేస్తుందా ఏంట్రా" అని ఒకటే గోల. బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ ఒక పాత్రగా మాట్లాడుతూ కథ ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వస్తే 1976లోనే, అందరూ కుందేళ్ళుగా ఆడే బన్నీస్ అండ్ బరోస్ వచ్చేసింది, అప్పటికి నీకు రెండేళ్ళక్కా, ఇది ఈ కాలం పిల్లల పిచ్చి కాదు అని సర్దిచెప్పాను. నమ్మినట్టు లేదు. ఫోన్ పెట్టేశాక నాకే నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత గేమ్ మాస్టర్ కుర్చీలో, అంటే కథ చెప్తూ ఆట నడిపే కుర్చీలో, కూర్చునేది నువ్వేనని ఒక పక్క గొప్పగా ఉంది, ఇంకో పక్క టెన్షన్, ఎందుకంటే ఆ కుర్చీలో కూర్చుని నేను చేసిన పని నాకు తెలుసు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాన్ రెండుసార్లు చదివాను. మొజంజాహీ మార్కెట్ దగ్గర ఇరానీ హోటల్, దాని వెనక సందులో ఉండే కాకి, పిల్లి, ఊరకుక్క, ఉడత, పందికొక్కు, మొదటి మిషన్ ఉస్మానియా బిస్కెట్ల ట్రే ఎత్తుకెళ్ళడం. పందికొక్కు పిల్లికి "నమస్తే అన్నా" అనే చోట ఒక్కణ్ణే పగలబడి నవ్వాను.

మామూలు సంగతులు గబగబా చెప్పేస్తాను. డైస్, అదే పాచికలు, ఖరీదైనవి కొనకు. సెషన్ మూడు గంటలు దాటనివ్వకు. రూల్ గుర్తు రాకపోతే ఆట ఆపి పుస్తకం తిరగేయకుండా ఏదో ఒకటి తేల్చేసి ముందుకు పో. మొదటి ఆదివారమే నీ సొంత కథ వద్దు, హనీ హైస్ట్ అనే చిన్న ఆట ఆడించు. ఒకటే పేజీ, అందరూ తేనె దొంగిలించే ఎలుగుబంట్లు, ఒక్కొక్కరికీ రెండే అంకెలు, ఎలుగుబంటితనం ఒకటి, దొంగతనం ఒకటి, రెండూ మూడుతో మొదలు. డై వేస్తే ఆ అంకె గానీ అంతకంటే తక్కువ గానీ పడాలి. ప్లాన్ బెడిసికొడితే ఒక పాయింటు ఎలుగుబంటి వైపు, బాగా జరిగితే దొంగ వైపు జరుగుతుంది, ఏదైనా ఆరుకి చేరిందా, ఆ ఎలుగుబంటి కథ కంచికే. రెండు గంటల్లో అయిపోతుంది, ఎవరు ఎలా ఆడతారో నీకూ తెలుస్తుంది.

ఇప్పుడు కాకి సంగతి. ఎగిరే క్యారెక్టర్ ఉంటే గోడలకీ తాళాలకీ విలువ ఉండదు, పైనుంచి చూసొచ్చి మొత్తం చెప్పేస్తుంది. అలాగని ఎగరొద్దంటే కాకి ఎందుకు మరి. మన ఊరకాకి బరువు పావు కిలో పైచిలుకు, అంతే. ఒక బిస్కెట్ ముక్కున కరుచుకుని పోతుంది, ట్రే మొయ్యలేదు, చూసొచ్చింది సరే గానీ మిగతావాళ్ళు లేకుండా దానివల్ల ఏమీ కాదు. పైన గద్దలుంటాయి, సంక్రాంతి రోజుల్లో మాంజా ఉంటుంది. ఇంకోటి, కాకులు మనుషుల ముఖాలు గుర్తుపెట్టుకుంటాయని సియాటిల్‌లో మాస్కులు పెట్టుకుని మరీ పరిశోధన చేసి తేల్చారు. అది వాడుకో. హోటల్లో రాయి విసిరిన సర్వర్ ముఖం కాకికి తెలుసు, కుక్కకి మాత్రం వాడు రోజూ రొట్టె ముక్క పడేసే దేవుడు. ఆ ఇద్దరూ కొట్టుకుంటే అరగంట నువ్వు నోరు తెరవక్కర్లేదు.

అన్నీ వాళ్ళ ఎత్తు నుంచి చెప్పు. "కిచెన్‌లోకి వచ్చారు" అంటే చప్పగా ఉంటుంది. పందికొక్కుకి అక్కడ కనపడేది టేబుల్ కింద పాకం అంటిన నేల, తడిసిన గోనెసంచి వాసన, నాలుగు జతల చెప్పులు.

పిల్లి పందికొక్కుని తినొచ్చా లేదా అన్నది ముందే మాట్లాడుకోండి. కథలో కుక్కల బండి వస్తే ఎవరికైనా కష్టంగా ఉంటుందా అని కూడా అడుగు. నవ్వుల ఆటే కదా అనుకోకు. ఈ ఉత్తరం రాస్తున్నదే అందుకు.

2001లో నేను టెక్సాస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. ఒకే అపార్ట్‌మెంట్‌లో నలుగురు తెలుగువాళ్ళం, పై అంతస్తులో ఇద్దరు అమెరికన్ క్లాస్‌మేట్లు. వాళ్ళ దగ్గర డంజన్స్ అండ్ డ్రాగన్స్ కొత్తగా వచ్చిన మూడో ఎడిషన్ పుస్తకాలుండేవి. శనివారం రాత్రులు నేనే డీఎం, అంటే ఆ ఆటలో గేమ్ మాస్టర్. అందరూ మాట్లాడే జంతువులు, అడవిలో పోయిన గంట వెతకాలి, అంతే కథ. మా రూమ్మేట్ ఒకడు, పేరు రాయను, మనిషి నెమ్మది, ఇంగ్లీషు తడబడుతూ మాట్లాడేవాడు. నక్క, గుడ్లగూబ, తోడేలు అయిపోయాయి. వాడు గాడిద అన్నాడు. అందరం నవ్వాం.

క్యారెక్టర్ షీట్, అంటే పాత్ర బలం, తెలివి లాంటివాటికి అంకెలు రాసుకునే కాగితం, నింపుతున్నప్పుడు డైస్ వేస్తే వాడికి ఒక పదహారు పడింది. తెలివిలో రాయబోయాడు. నేను పెన్ను పట్టుకుని ఆపి, "గాడిదకి తెలివేంట్రా, బలంలో పెట్టు" అన్నాను. వాడేమీ అనలేదు, బలంలో పెట్టాడు. తెలివికి ఏడు మిగిలింది.

ఇక ప్రతి శనివారం అదే జోకు. వాడు నోరు తెరిస్తే ఎవరో ఒకరు ఓండ్ర పెట్టేవారు. వాణ్ణి ఏదైనా అడగాల్సి వస్తే మా ఇంకో రూమ్మేట్ "వసుదేవుడంతటివాడే గాడిద కాళ్ళు పట్టుకున్నాడు" అనేవాడు, దాన్ని అమెరికన్లకి ఇంగ్లీషులో విడమరిచి చెప్పేది నేను. వాళ్ళూ నవ్వేవాళ్ళు. వాడూ నవ్వేవాడు బుజ్జీ, నన్ను మోసం చేసింది అదే.

నాలుగో వారం కథలో పొగమంచు కమ్మి అందరూ దారి తప్పారు. నక్క డై వేసి ఓడిపోయింది. వాడు తెలుగులో, నా ఒక్కడికే వినపడేలా, "నేను దారి చూపిస్తాను, గాడిద ఒకసారి నడిచిన దారి మర్చిపోదు" అన్నాడు. నేను అందరికీ వినపడేలా ఇంగ్లీషులో, సరే తెలివి మీద వెయ్యి అన్నాను. ఇరవై ముఖాల డై వేస్తే మొత్తం పదిహేను రావాలి. పద్నాలుగు పడింది. తెలివి ఏడే కాబట్టి రూల్ ప్రకారం అందులోంచి రెండు పోతే పన్నెండు. అందర్నీ తీసుకెళ్ళి బురదగుంటలో దింపేశాను, బల్ల చుట్టూ ఒకటే నవ్వులు. ఆ పదహారు వాడు రాయబోయిన చోటే ఉండి ఉంటే, రెండు పోయే బదులు మూడు కలిసి పదిహేడు వచ్చేది.

నవ్వులు తగ్గాక వాడు మెల్లగా అన్నాడు, "మా ఇంట్లో రెండుండేవి. నాన్న మూటలు వేసి వదిలేస్తే అవే రేవుకి వెళ్ళేవి. వెనక నేను."

రెండేళ్ళు ఒకే వంటింట్లో అన్నం తిన్నాం, వాళ్ళ నాన్న ఏం చేస్తారో నేనెప్పుడూ అడగలేదు. ఆ రాత్రి కూడా ఏమీ అనకుండా "నెక్స్ట్ టర్న్ ఎవరిది" అన్నాను. తర్వాతి శనివారం వాడికి అసైన్‌మెంట్ ఉంది. ఆ తర్వాత వారం కూడా. డిసెంబర్‌లో వేరే రూమ్‌కి మారిపోయాడు.

నక్క జిత్తులమారి, గాడిద మొద్దు అని మనకి అన్నంతో పాటు కథలు కలిపి పెట్టారు. దొంగలు పడ్డప్పుడు కుక్క ఊరుకుంటే గాడిద అరిచి తన్నులు తిన్న కథ అమ్మమ్మ నీకూ చెప్పే ఉంటుంది. నేను కళ్ళు మూసుకుని వాటినే బల్ల మీద పెట్టాను. అందుకే చెప్తున్నాను, షీటు నింపకముందే ఒక్కొక్కర్నీ అడుగు, ఆ జంతువే ఎందుకు అని. ఏదో సరదాకి అంటే సరే. ఏదైనా చెబితే మాత్రం విను, రాసుకో, ఆ సంగతి పనికొచ్చే సీను ఒకటి కథలో ఉండేలా చూడు. తెలుగులోనే ఆడించు, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళే మాట్లాడే ఆట అవనివ్వకు. పందికొక్కుగా ఆడే అబ్బాయి ఎవరు? నీ ప్లాన్‌లో జోకులన్నీ వాడి మీదే ఉన్నాయి, చూసుకున్నావా? "నమస్తే అన్నా" ఒక్కటి ఉంచి మిగతావి తీసెయ్, తిట్టాననుకోకు. నువ్వు మంచిదానివని నాకు తెలుసు. ఆ రోజుల్లో నన్ను కూడా అందరూ మంచివాడనే అనేవారు.

వాడి నంబర్ నా దగ్గరుంది. ఉగాదికీ దసరాకీ మెసేజ్‌లు పెట్టుకుంటాం, పిల్లల ఫోటోలు పంపుకుంటాం. ఆ గాడిద ఊసు మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

మీ అమ్మ వచ్చే వారం ఇక్కడికి వస్తుందిగా, నా పాత డైస్ సంచీ తనతో పంపిస్తాను. లెక్క చూస్తే ఇరవై ముఖాలవి నాలుగే ఉంటాయి, ఐదోది పసుపుపచ్చది, ఎక్కడ పోయిందని వెతక్కు. అది వాడు వదిలేసి వెళ్ళింది, నా బీరువాలో ఉంది.

మీ మావయ్య