ఫోస్‌డెమ్‌కి వెళ్తున్న మా అమ్మాయికి

అమ్మలూ,

ఫోస్‌డెమ్‌కి వెళ్లాలనుకుంటున్నానని నువ్వు రాసిన మెసేజ్ చదివి చాలా సంతోషపడ్డాను. టికెట్ ఎంత, రిజిస్ట్రేషన్ ఎక్కడ అని అడిగావు. రెండూ లేవమ్మా. ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్ రాసే మనుషులు కలుసుకునే సభల్లో యూరప్‌లో ఇంత పెద్దవి అరుదు. అయినా ఎవరైనా నేరుగా లోపలికి నడిచి వెళ్లొచ్చు. ఇరవై ఏళ్లకు పైగా జరుగుతోంది. మధ్యలో కరోనా వల్ల 2021, 2022లో ఆన్‌లైన్‌లో జరిపారు. మామూలుగా ఫిబ్రవరి మొదట్లో ఒక శని, ఆదివారాల్లో, బ్రస్సెల్స్‌లోని యూఎల్‌బీ యూనివర్సిటీ సోల్‌బోష్ క్యాంపస్‌లో జరుగుతుంది. వేలమంది వస్తారు. నడిపేది వాలంటీర్లే.

నువ్వు పంపిన షెడ్యూల్ చూశాను. శనివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఖాళీ లేకుండా టాక్‌లు పెట్టుకున్నావు. వాటిలో చాలావరకు కొట్టేయ్. ఒక బిల్డింగ్ నుంచి ఇంకో బిల్డింగ్‌కి చలిలో బయటి నుంచే నడవాలి. నువ్వు చేరేసరికి తలుపు మీద 'ఫుల్' అన్న కాగితం ఉంటుంది. అగ్నిప్రమాద నిబంధనల వల్ల గదిలో పట్టేవాళ్ల కంటే ఒక్కరిని కూడా ఎక్కువ రానివ్వరు, బతిమాలినా లాభం లేదు. జాన్సన్ అనే పెద్ద హాల్లో తప్ప మిగతా చోట్ల ఇది మామూలే. పైగా టాక్‌లు దాదాపు అన్నీ రికార్డు చేసి ఆన్‌లైన్‌లో పెడతారు. జర్మనీలో, ఆ ఆఖెన్‌లో నీ గదిలో కూర్చుని తీరిగ్గా చూసుకోవచ్చు. ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు మాత్రం నీ గదికి రారు. ఆ రెండు రోజులూ వాళ్ల కోసం పెట్టు.

అక్కడ డెవ్‌రూమ్‌లని ఉంటాయి. ఒక్కో గదిని ఒక్కో ప్రాజెక్టు వాళ్లో, ఒకే విషయం మీద పనిచేసేవాళ్లో పూర్తిగా తమ చేతిలోకి తీసుకుని నడుపుతారు. నీకు బాగా ఇష్టమైన గది ఒకటి ఎంచుకుని, పొద్దున్నే వెళ్లి కుర్చీ పట్టుకో, పూట మొత్తం అక్కడే ఉండు. మధ్యాహ్నానికల్లా పక్కన కూర్చున్నవాళ్లు నీతో మాట్లాడుతుంటారు. టాక్ అయిపోయాక మాట్లాడినవాళ్లు వరండాలోకి వస్తారు, చుట్టూ నలుగురు చేరతారు. అక్కడికి నువ్వూ వెళ్లి నిలబడాలి.

అయితే ఖాళీ చేతులతో వెళ్లకు. ఇంకా టైముంది కాబట్టి ఇప్పుడే ఒక్క ప్రాజెక్టు పట్టుకో. నీకు ఫాంట్‌ల పిచ్చి ఉంది కదా, హార్ఫ్‌బజ్ చూడమంటాను. కకారం, పొల్లు, షకారం కలిసి తెర మీద 'క్ష'గా కనబడాలంటే ఒక ప్రోగ్రాం వాటిని కలపాలి. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రే ఆఫీస్ అన్నిటిలోనూ ఆ పని చేసేది హార్ఫ్‌బజ్. 2018 ఫిబ్రవరి సంగతి నీకు గుర్తుందో లేదో, అప్పుడు నువ్వు స్కూల్లో ఉన్నావు. మన 'జ్ఞా' అక్షరాన్ని ఒక క్రమంలో మెసేజ్‌లో పంపిస్తే ఐఫోన్‌లలో యాప్‌లు క్రాష్ అయ్యాయి. కంపెనీ అప్‌డేట్ ఇచ్చేదాకా ఎదురుచూడటం తప్ప మన చేతిలో ఏమీ లేదు. తెలుగు చదవగలిగిన ఇంజనీర్లు వేలమంది ఉండి కూడా! కోడ్ అందరికీ కనబడితే, ఒత్తు ఎక్కడ విరిగిపోతోందో మన పిల్లలే వెతికి పట్టుకోగలరు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు కాలేజీ విద్యార్థులను కూడగట్టి లినక్స్‌ని తెలుగులోకి తెచ్చారంటే అది కోడ్ చేతికందడం వల్లే. నువ్వు ఈ పనిలో చేయి పెట్టాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

కాబట్టి ఆ ప్రాజెక్టు బగ్‌ల జాబితా చదువు. నీ మెషీన్ మీద దాన్ని బిల్డ్ చేసి, అంటే కోడ్ నుంచి నడిచే ప్రోగ్రాంగా తయారు చేసి చూడు. చిక్కుకుపోతే ఎక్కడ చిక్కుకున్నావో రాసి ఉంచుకో, అది కూడా పనికొస్తుంది. ఆ ప్రాజెక్టు మనుషులు ఎదురైనప్పుడు "మీ సాఫ్ట్‌వేర్ అంటే నాకు చాలా ఇష్టం" అంటే థాంక్స్ చెప్పి నవ్వుతారు, మాట అక్కడితో ఆగిపోతుంది. "ఈ వెర్షన్‌లో, ఈ ఫాంట్‌తో, ఈ తెలుగు పదం ఇలా వస్తోంది, ఇలా రావాలి" అని స్క్రీన్‌షాట్ చూపించు. వెంటనే కుర్చీ లాగి నిన్ను కూర్చోబెడతారు. వాళ్లలో చాలామందికి తెలుగు రాదు, నీకు వచ్చు. ఆ ఒక్క విషయంలో అక్కడ నువ్వే పెద్దదానివి.

ఇంగ్లీష్ గురించి టెన్షన్ పడకు. ఫ్రెంచ్ వాళ్లు, పోలండ్ వాళ్లు, చెక్ వాళ్లు అందరూ తమ తమ యాసలోనే మాట్లాడతారు. మన పిల్లలు వెనక వరుసలో కూర్చుని ప్రశ్న మింగేయడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

వీలైతే ఆదివారం ఒక పూట వాలంటీర్‌గా పేరివ్వు. ఒంటరిగా వచ్చిన అమ్మాయికి అంతకంటే మంచి దారి లేదు, పని చేతిలో ఉంటే మాటలు వాటంతటవే వస్తాయి. శుక్రవారం రాత్రి బీర్ ఈవెంట్ కూడా ఉంటుంది. వెళ్లాలనిపిస్తే వెళ్లు, జ్యూస్ తాగినా ఎవరూ ఏమీ అనరు. ఎవరి ప్రవర్తనైనా ఇబ్బందిగా అనిపిస్తే మొహమాటపడకుండా వెంటనే నిర్వాహకులకు చెప్పు.

చిన్న విషయాలు కొన్ని. వానకు తడవని కోటు, తేలికైన బూట్లు వేసుకో. బ్రస్సెల్స్‌లో రైలు దిగే మిది స్టేషన్‌లో బ్యాగు ముందుకు వేసుకుని నడువు, అక్కడ జేబుదొంగలు ఎక్కువ. మధ్యాహ్నం తిండి దగ్గర పొడవాటి లైను ఉంటుంది, శాకాహారికి పెద్దగా ఏమీ దొరక్కపోవచ్చు. పులిహోర డబ్బా పెట్టుకెళ్లు.

తిరిగి వచ్చిన వారంలోపే, నీతో మాట్లాడినవాళ్లకి మెయిల్ రాసి, అనుకున్న చిన్న ప్యాచ్, అంటే కోడ్‌లో సవరణ, పంపు. నెల దాటితే నువ్వెవరో వాళ్లకి గుర్తుండదు. కొత్తవాళ్లకి డబ్బిచ్చి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ దరఖాస్తులు మామూలుగా మార్చిలో మొదలవుతాయి. అప్పటికే తన ప్యాచ్ ఒకటి ప్రాజెక్టులో చేరిన విద్యార్థినిని అక్కడి మెంటర్లు వేరుగా చూస్తారు.

ఆ వారాంతం బ్రస్సెల్స్‌లో చవక గదులు త్వరగా అయిపోతాయి, ఈ వారమే బుక్ చెయ్. డబ్బు తక్కువైతే మీ నాన్నని అడగకు, నాకు చెప్పు. హార్ఫ్‌బజ్ బిల్డ్ చేయడం మొదలుపెట్టాక ఎర్రర్ ఏదైనా వస్తే పూర్తిగా కాపీ చేసి పంపు, శనివారం పొద్దున ఇద్దరం కలిసి చూద్దాం.

నీ పెద్దమ్మ