సీరియల్ వదిలేసి డాక్యుమెంటరీ తీస్తానంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయికి 26 ఏళ్లు. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ వెళ్లి నాలుగేళ్లుగా టీవీ సీరియళ్లలో చెల్లెలు, ఆడపడుచు వేషాలు వేస్తోంది. ఇప్పుడిప్పుడే బయట జనం గుర్తుపడుతున్నారు. ఈమధ్య కొత్త సీరియల్ వస్తే వద్దంది. కృష్ణానగర్‌లో ఉండే ఒక జూనియర్ ఆర్టిస్టు జీవితం మీద సొంతంగా డాక్యుమెంటరీ తీస్తానంటోంది. అందులో బతుకుతెరువు ఉంటుందా? మళ్లీ ఏదైనా కోర్సు చదవాలా? మేం ఎన్నాళ్లు ఆగాలి?

జవాబు: మీ అమ్మాయి డాక్యుమెంటరీ తీస్తానందంటే నాకు సంతోషమే. చేతికొచ్చిన సీరియల్‌ని వద్దన్నదంటేనే కంగారుగా ఉంది. ముందు ఆ సంగతి మాట్లాడుకుందాం.

సొంతంగా డాక్యుమెంటరీలు తీసేవాళ్లకు నెలజీతం ఉండదు. సినిమా పూర్తయ్యేదాకా చేతినుంచి పోవడమే కానీ వచ్చేది తక్కువ. నెలల్లో తెమిలే పని కూడా కాదు. ఉత్తరప్రదేశ్‌లో దళిత మహిళలు నడిపే ‘ఖబర్ లహరియా’ వార్తా సంస్థ మీద రింటూ థామస్, సుష్మిత్ ఘోష్ తీసిన ‘రైటింగ్ విత్ ఫైర్’ 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. దానికి సుమారు ఐదేళ్లు పట్టింది. వాళ్లకు సొంత కంపెనీ ఉంది, బయటి సంస్థలకు ఫిల్ములు తీసిపెట్టే పని కూడా చేస్తారు. ఈ రంగంలో నిలబడ్డవాళ్లలో చాలామందికి ఇలా ఇంకో సంపాదన ఉంటుంది. ఒకరు ఎడిటింగ్ చేస్తారు, ఒకరు పెళ్లిళ్లకు కెమెరా పట్టుకుంటారు, ఇంకొకరు కాలేజీలో పాఠాలు చెబుతారు. మీ అమ్మాయికి ఆ సంపాదన ఇప్పటికే ఉంది. దాన్ని ఎందుకు వదులుకోవాలి? నెలంతా కాల్‌షీట్ అడిగే పెద్ద పాత్ర వద్దనుకుంటే తప్పులేదు, సినిమాకు టైమ్ కావాలి కదా. నెలకు పది రోజుల లోపు పని ఉండే పాత్ర అడగమనండి. గొంతు బాగుంటే డబ్బింగ్ ప్రయత్నించమనండి. డబ్బింగ్ పని గంటల్లో అయిపోతుంది, మిగతా రోజు చేతిలో ఉంటుంది.

ఈ దారిలో ఆమే మొదటిది కాదు. అనకాపల్లిలో పుట్టిన నటి రోహిణి గారు బాలనటిగా మొదలై హీరోయిన్‌గా, డబ్బింగ్ ఆర్టిస్టుగా పనిచేశారు. సినిమాల్లో నటించే పిల్లల మీద ‘సైలెంట్ హ్యూస్’ అనే డాక్యుమెంటరీ తీశారు. అలాగని నటన మానలేదు. ‘బాహుబలి’లో శివుడిని పెంచిన తల్లి ఆవిడే. 1971లో హిందీ దర్శకుడు మణి కౌల్ సినిమాలో కాళిదాసుగా నటించిన అరుణ్ ఖోప్కర్ తర్వాత డాక్యుమెంటరీల వైపు వచ్చి జాతీయ అవార్డులు తెచ్చుకున్నారు. కెనడాలో చిన్నప్పటినుంచీ టీవీలో నటించిన సారా పాలీ 2012లో సొంత కుటుంబం మీదే డాక్యుమెంటరీ తీసింది. రోహిణి గారూ సారా పాలీ తాము లోపలినుంచి చూసిన లోకాన్నే ఎంచుకున్నారని గమనించండి. మీ అమ్మాయి ఎంచుకున్నదీ అలాంటిదే. తెల్లవారుజామున కృష్ణానగర్‌లో షూటింగ్‌కి వ్యాన్ ఎక్కే జూనియర్ ఆర్టిస్టుల దగ్గరికి బయటివాళ్లు కెమెరాతో వెళ్తే ముఖం తిప్పుకుంటారు. ఈమె వెళ్తే పక్కన చోటిచ్చి కూర్చోబెడతారు. అది డబ్బు పెట్టినా దొరకదు.

అయితే ఒక చిక్కుంది, ఇది అమ్మాయికి తప్పకుండా చెప్పండి. నటులకు ‘వన్ మోర్’ అనగానే షాట్ మళ్లీ చేయడం అలవాటు. ఉదాహరణకు, ఆ జూనియర్ ఆర్టిస్టు పని కోసం ఏజెంట్‌కి ఫోన్ చేస్తుంది. ఈరోజు పని లేదంటాడు. ఆమె ఫోన్ పెట్టేసి, బ్యాగులో సర్దిన పట్టుచీర తీసి మళ్లీ బీరువాలో పెడుతుంది. ఆ క్షణంలో ఫోకస్ పోయిందనుకోండి, ‘అక్కా, ఇంకోసారి చేయవా’ అని అడిగితే ఆమె తప్పకుండా చేస్తుంది, ఇంకా బాగా చేస్తుంది, ఎందుకంటే ఆమె వృత్తే అది. అప్పుడు మనకు దొరికేది వేషం. కెమెరా చూడగానే ముఖం సర్దుకునే మనుషుల మీద డాక్యుమెంటరీ తీయడం చాలా కష్టం. ఏది షాట్ కోసం పెట్టిన ముఖమో, ఏది అలసిపోయిన ముఖమో నాలుగేళ్లు సెట్లో ఉన్న పిల్లకు ఇట్టే తెలుస్తుంది. ఆమె దగ్గరున్న అసలు పెట్టుబడి ఆ చూపేనని నేను నమ్ముతాను.

ఇంకో సంగతి. పేమెంట్ల గురించో, ఏజెంట్ గురించో ఆ మనిషి మనసు విప్పి మాట్లాడితే సినిమాకు మంచిదే. కానీ ఆ మాట వల్ల రేపు ఆమెకు పిలుపు ఆగిపోతే? పండగ రోజు కూడా ఫోన్ కోసం ఎదురుచూసే బతుకు అది. అందుకే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవడం ఒక్కటే సరిపోదు. ఎడిట్ అయ్యాక, ఎక్కడికీ పంపకముందే, ఆమెను కూర్చోబెట్టి మొత్తం చూపించాలి. ఈ ముక్క తీసెయ్ అంటే తీసెయ్యాలి. ఇక సెట్లో తీయాలంటే నిర్మాతల అనుమతి వేరే కావాలి.

కోర్సు విషయానికొస్తే, ఏళ్ల తరబడి చదువు ఇప్పుడు అక్కర్లేదని నా అభిప్రాయం. ఢిల్లీ జామియా మిలియా యూనివర్సిటీలోని మాస్ కమ్యూనికేషన్ సెంటర్ ఈ రంగానికి మంచి బడి. పైన చెప్పిన రింటూ, సుష్మిత్ అక్కడే చదివారు, ‘ఆల్ దట్ బ్రీత్స్’ డాక్యుమెంటరీ తీసిన శౌనక్ సేన్ కూడా. ఇరవై రెండేళ్ల పిల్ల అడిగితే అక్కడికే వెళ్లమంటాను. మీ అమ్మాయికి సెట్ తెలుసు, లైటింగ్ తెలుసు. తెలియనివి రెండు, సౌండ్, ఎడిటింగ్. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం సర్దుకుంటారు, మాట వినపడకపోతే లేచిపోతారు. కెమెరా అద్దెకు తెచ్చుకోవచ్చు, మంచి కాలర్ మైకు మాత్రం సొంతంగా కొనుక్కోమనండి. ఎడిటింగ్ కోసం పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ) వాళ్ల స్వల్పకాలిక కోర్సులు చూడొచ్చు, లేదా హైదరాబాద్‌లోనే ఒక ఎడిటర్ దగ్గర ఆరు నెలలు అసిస్టెంటుగా కూర్చోవచ్చు. రెండోదే మేలంటాను. తీసినదంతా రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో దాచమనండి. ఒకటి మీ ఇంట్లోనే పెట్టుకోండి.

డబ్బు ఇచ్చే చోట్లు తక్కువే కానీ ఉన్నాయి. మీ చిన్నతనంలో హాల్లో సినిమాకు ముందు న్యూస్‌రీళ్లు వేసేవారు చూడండి, 1948లో మొదలైన ఆ ఫిల్మ్స్ డివిజన్ 2022లో కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీలో కలిసిపోయింది, కాబట్టి ప్రభుత్వం వైపు ఇప్పుడు చూడాల్సింది దాన్నే. ప్రైవేటుగా బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ గ్రాంట్లు ఇస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్ డాక్యుమెంటరీ ఫెస్టివల్ వాళ్ల బెర్తా ఫండ్ మనలాంటి దేశాల దర్శకులకోసమే. కోల్‌కతాలో డాక్‌ఎడ్జ్ వేదిక మీద కొత్తవాళ్లు తమ ప్రాజెక్టును దేశవిదేశాల నిర్మాతల ముందు పెట్టొచ్చు. అక్కడ కథ చెబితే చాలదు, తీసిన ముక్క చూపించాలి.

ఇక ఎన్నాళ్లు ఆగాలంటారా? పెద్ద సినిమా సంగతి పక్కన పెట్టి, ఏడాదిలో పది పదిహేను నిమిషాల చిన్న డాక్యుమెంటరీ ఒకటి సబ్‌టైటిల్స్‌తో సహా పూర్తి చేయమనండి. తిరువనంతపురంలో 2008 నుంచి జరుగుతున్న డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్‌కీ, ముంబై ఫెస్టివల్‌కీ పంపమనండి. ఎంపికైందా లేదా అన్నదాన్ని బట్టి తేల్చకండి, మంచివి కూడా వెనక్కొస్తాయి. పూర్తి చేసిందా లేదా అన్నదే చూడండి. ఫుటేజ్ పోగేసి ఎడిటింగ్ దగ్గర ఆగిపోయేవాళ్లే ఈ రంగంలో ఎక్కువ. ఏడాది తర్వాత కూడా ఇంకా షూటింగ్ అంటూ ఉంటే, అప్పుడు గట్టిగా అడిగే హక్కు మీకుంది. ఆ ఏడాదీ పెళ్లి ప్రస్తావన తేకుండా ఉండగలిగితే మంచిది. అద్దె, తిండి ఖర్చు ఆమె తన సంపాదనతోనే చూసుకోవాలి, మీరు ఇవ్వదలిస్తే మైకుకీ డిస్కులకీ ఇవ్వండి.

దసరాకు ఇంటికొచ్చినప్పుడు అప్పటికి తీసింది చూపించమని అడగండి. చూశాక బాగుందని ఊరుకోకండి. ఎక్కడ అర్థం కాలేదో, ఎక్కడ విసుగొచ్చిందో చెప్పండి. ఆమె రాసుకుంటుందో, అలుగుతుందో చూసి నాకు మళ్లీ రాయండి.